నీళ్ల మీద ఉమ్మడి కుటుంబం

మే నుంచి సెప్టెంబరు దాకా మధ్యధరా సముద్రపు రేవుల్లో శనివారం వచ్చిందంటే సందడే సందడి. టర్కీలో బోద్రుమ్, గోజెక్, క్రొయేషియాలో స్ప్లిట్, గ్రీసులో ఏథెన్స్ పక్కనున్న అలిమోస్... ఎక్కడ చూసినా పొద్దున ఒక కుటుంబం పడవ దిగుతుంది, సాయంత్రానికి ఇంకో కుటుంబం ఎక్కుతుంది. మధ్యలో దొరికే కొద్ది గంటల్లో దుప్పట్లు మారతాయి, గదులు తుడవడం అవుతుంది, మంచినీళ్ల ట్యాంకు నిండుతుంది, కూరగాయల బుట్టలు లోపలికి చేరతాయి. కొత్తగా వచ్చినవాళ్లలో చేతికర్ర పట్టుకున్న తాతగారు ఉంటారు, చంకలో పసిబిడ్డతో చిన్నకోడలు ఉంటుంది, చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీయని పదహారేళ్ల మనవడు ఉంటాడు. గట్టు మీంచి పడవ మీదికి వేసిన సన్నటి బల్ల వంతెన దగ్గర ఒక బుట్ట కనిపిస్తుంది. చెప్పులూ బూట్లూ అందులో వదిలేయాలి. టేకు చెక్క గీతలు పడకుండా పెట్టుకున్న నియమం అది. ఎంత కోటీశ్వరుడైనా ఉత్త కాళ్లతోనే లోపలికి వెళ్లాలి. గడప బయట చెప్పులు విడిచే అలవాటున్న మనకు ఇది వింతగా అనిపించదు.

పడవనూ, దాన్ని నడిపే మనుషులనూ కలిపి ఒక్క కుటుంబమే వారం పాటు అద్దెకు తీసుకునే ఈ ఏర్పాటును చార్టర్ అంటారు. బోద్రుమ్ ప్రాంతంలో తయారయ్యే గులెట్ అనే చెక్క పడవల్లో సాదాసీదావాటికి వారానికి 10,000 యూరోలు, అంటే సుమారు 10 లక్షల రూపాయల అద్దె ఉంటుంది. 30 మీటర్ల పొడవున్న మోటారు యాట్‌కు లక్ష యూరోలకు అటూ ఇటూ పలుకుతుంది. మరీ పెద్దవి వారానికి 10 లక్షల యూరోలు దాటిపోతాయి. ఇది పడవ అద్దె మాత్రమే. తిండికీ, డీజిలుకూ, రేవు రుసుములకూ అద్దెలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా ముందుగానే కెప్టెన్ చేతిలో పెట్టాలి. ఆయన ప్రతి ఖర్చుకూ లెక్క రాసి, చివరి రోజు మిగిలింది తిరిగి ఇచ్చేస్తాడు. దిగేటప్పుడు సిబ్బందికి ఇచ్చే బహుమానం వేరే. మధ్యధరాలో అద్దె మీద 5 నుంచి 15 శాతం, కరీబియన్ దీవుల్లో 15 నుంచి 20 శాతం ఇవ్వడం ఆనవాయితీ.

ఈ అంకెలు చదవగానే మనలో చాలామందికి మనసు ముడుచుకుంటుంది. ఒక రైతు కుటుంబం జీవితకాలంలో చూడని డబ్బు ఏడు రాత్రుల్లో నీళ్ల మీద ఖర్చవడం బాధ కలిగించే సంగతే. ఆ బాధ న్యాయమైనది. అయినా ఈ కుటుంబాలు అక్కడికి ఏం వెతుక్కుంటూ వెళుతున్నాయో ఒకసారి నిదానంగా చూడాలి. మూడు తరాలు కలిసి చేసే ఈ యాత్రల్లో తరచూ ఖర్చు పెట్టేది పెద్దవాళ్లే. షష్టిపూర్తో, యాభయ్యో పెళ్లిరోజో, లేకపోతే జబ్బు చేసి కోలుకున్నాక వచ్చిన మొదటి వేసవో సందర్భమవుతుంది. కొడుకు ఒక ఖండంలో, కూతురు ఇంకో ఖండంలో, మనవలు హాస్టళ్లలో. అందరినీ ఒక్క బల్ల చుట్టూ ఏడు సాయంత్రాలు కూర్చోబెట్టాలన్నది ఆ పెద్దవాళ్ల కోరిక. సంపాదన అంతా అయ్యాక మిగిలిన కోరిక అది. దాన్ని తప్పు పట్టడానికి మాకు మనసు రావడం లేదు.

అదే డబ్బుతో ఇంకా పెద్ద హోటల్లో దిగవచ్చు కదా అనిపిస్తుంది. హోటల్లో కుటుంబం అంతస్తుల వారీగా విడిపోతుంది. ఒకరు పదింటికి లేస్తారు, ఒకరు ఏడింటికే ఊరు చూడ్డానికి వెళ్లిపోతారు, పిల్లలు ఈత కొలను దగ్గర, పెద్దవాళ్లు గదిలో టీవీ ముందు. రాత్రి భోజనానికి కలుద్దామనుకుంటే సగం మంది అలసిపోయి రారు. పడవలో ఆ దారులన్నీ మూసుకుపోతాయి. కాస్త విసుగొస్తే ఆ చివరికి వెళ్లి కూర్చోవచ్చు, అంతకు మించి పోయే చోటు లేదు. మొదటి రెండు రోజులు అందరూ అతిథుల్లా మర్యాదగా ఉంటారు. మూడో రోజుకు పాత తగువులు పైకి వస్తాయి. ఎవరో ఒకరు మాట తూలతారు. కానీ గంట తర్వాత అదే బల్ల దగ్గర, అదే మనిషికి ఎదురుగా కూర్చుని అన్నం తినాలి. మాట్లాడక తప్పదు. మాట్లాడక తప్పని పరిస్థితిని కుటుంబాలు ఇప్పుడు డబ్బిచ్చి తెచ్చుకోవలసి వస్తున్నది.

మన ఇళ్ల సంగతీ దీనికి దూరం కాదు. అమెరికాలో స్థిరపడిన పిల్లల దగ్గరికి సందర్శక వీసా మీద వెళ్లే తెలుగు తల్లిదండ్రులకు సాధారణంగా ఆరు నెలల దాకా ఉండే వీలుంటుంది. ఆరు నెలలంటే తక్కువ కాలమేమీ కాదు. కానీ వారంలో ఐదు రోజులు పగలంతా ఆ ఇంట్లో వాళ్లిద్దరే ఉంటారు. కొడుకూ కోడలూ ఆఫీసుకు, పిల్లలు బడికి, బడి నుంచి ఏదో ఒక క్లాసుకు. సాయంత్రం దొరికే గంటా గంటన్నరలో వంట, చదువులు, ఫోన్లు. ఒకే కప్పు కింద ఆరు నెలలున్నా మనవడితో తీరిగ్గా మాట్లాడిన గంటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఎక్కడి మధ్యధరా, ఎక్కడి న్యూజెర్సీ అనుకోనక్కర్లేదు. పడవ ఎక్కే కుటుంబానికి ఉన్న కొరతే వీళ్లదీ.

అయితే ఉమ్మడి కుటుంబం గురించి మనం బెంగపడేటప్పుడు ఒక సంగతి చెప్పకుండా దాటేస్తుంటాం. ఇరవై మంది ఒక్క పంక్తిన కూర్చుని తిన్న రోజుల్లో ఆ ఇరవై మందికీ వండింది ఎవరు? పొయ్యి ముందు పొగలో ఎవరి కళ్లు మండాయి? మగవాళ్లూ పిల్లలూ తిని లేచాక, అడుగున మిగిలినదానితో సర్దుకున్నది ఎవరు? పండక్కి పుట్టింటికి వెళ్లడానికి కూడా అడిగి అడిగి అలసిపోయిన కోడళ్ల చాకిరీ మీద ఆ కలివిడితనం నిలబడింది. పెద్ద ఇల్లు కళకళలాడిందంటే వెనకాల ఎవరో విశ్రాంతి లేకుండా తిరిగారన్న మాట. ఇది కఠినంగా వినిపించవచ్చు. కానీ మన అమ్మమ్మలను అడిగితే ఒప్పుకుంటారు.

పడవలో సుఖం అసలు అక్కడుంది. ఆ వారం రోజులూ ఇంటి ఆడవాళ్లు వంటింట్లోకి అడుగు పెట్టరు. వండేవాడు వేరే, వడ్డించేవాళ్లు వేరే, పక్కలు వేసేవాళ్లు వేరే. తల్లి, కూతురు, కోడలు ముగ్గురూ ఒకేసారి, ఒకే నీడన, చేతుల్లో పని లేకుండా కూర్చునే అవకాశం చాలా ఇళ్లలో పెళ్లిళ్లప్పుడు కూడా రాదు. అలా కూర్చున్నప్పుడే పాత కథలు బయటికి వస్తాయి. ఏ సంబంధం ఎలా తప్పిపోయింది, ఏ ఊళ్లో ఎవరి దగ్గర అప్పు తెచ్చారు, తాతగారు కుర్రతనంలో ఎంత కోపిష్టి, ఇవన్నీ మనవరాళ్ల చెవిన పడతాయి. చాకిరీ మాయమైపోలేదు, కోడళ్ల భుజాల మీంచి దిగి సిబ్బంది భుజాల మీదికి చేరింది. ఈ రెండింటినీ కలిపి చూడకపోతే ఈ యాత్రను మనం సగమే చూసినట్టు.

ఈ వ్యాపారం మొదలైన తీరులోనే ఒక కుటుంబం ఉంది. బ్రిటిష్ నౌకాదళంలో పనిచేసి విరమించిన కమాండర్ వెర్నన్ నికల్సన్, భార్యతో, ఇద్దరు కొడుకులతో మోలీహాక్ అనే తెరచాప నావలో అట్లాంటిక్ దాటి 1949లో కరీబియన్ సముద్రంలోని ఆంటిగ్వా దీవికి చేరుకున్నాడు. ఇంగ్లిష్ హార్బర్ అనే ఆ రేవులో ఒకప్పుడు నౌకాదళానికి మరమ్మతుల కేంద్రం ఉండేది. 1889లో దాన్ని మూసేశారు. అరవై ఏళ్లుగా గోడలు కూలి, చెట్లు మొలిచి పాడుబడి ఉంది. నికల్సన్ల కుటుంబం అక్కడే లంగరు వేసుకుని ఉండిపోయింది. దగ్గర్లో మిల్ రీఫ్ అనే సంపన్నుల క్లబ్బుకు వచ్చిన అతిథులు మమ్మల్ని కూడా అలా దీవుల చుట్టూ తిప్పుతారా అని అడిగారు. సరేనని తీసుకెళ్లారు. కరీబియన్‌లో పడవలు అద్దెకిచ్చే వ్యాపారానికి అదే అంకురమైంది. శిథిలమైన ఆ రేవు మళ్లీ నిలబడింది. 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాకెక్కింది. ఇప్పుడు ప్రతి శీతకాలం అక్కడ తెల్లటి యాట్‌లు వరసకట్టి ఉంటాయి.

మధ్యధరాలో కథ వేరు. ఇది మాకు ఇంకా ఇష్టమైన కథ. జెవాత్ షాకిర్ కబాఆచ్లి అనే టర్కీ రచయిత, సైన్యం నుంచి పారిపోయినవారి మీద రాసిన ఒక రచనకు శిక్షగా 1925లో బోద్రుమ్‌కు ప్రవాసం వెళ్లాడు. అప్పటికి అది దారీ తెన్నూ లేని జాలరి ఊరు. శిక్ష అనుభవించడానికి వచ్చినవాడు ఆ సముద్రాన్నీ, సముద్రపు స్పాంజీలు ఏరుకొచ్చే గజ ఈతగాళ్లనూ ప్రేమించి, శిక్ష ముగిశాక అక్కడే కాపురం పెట్టాడు. హాలికార్నాసస్ జాలరి అన్న పేరుతో రచనలు చేశాడు. బోద్రుమ్ పాత పేరు హాలికార్నాసస్. 1940లలో ఆయన, సబాహత్తిన్ ఎయుబోలు, తర్వాత అజ్రా ఎర్హాత్ వంటి మిత్రులు స్పాంజీలు పట్టే పడవల్లో తీరం వెంట రోజుల తరబడి తిరిగేవారు. పడకలు లేవు, పంకాలు లేవు. ఎండు రొట్టెలు, జున్ను, మంచినీళ్లు, పట్టిన చేపలు. రాత్రుళ్లు డెక్ మీదే పడక, చుక్కల కింద కబుర్లు. ఆ తిరుగుళ్లకు నీలి యాత్ర అని పేరు పెట్టుకున్నారు. అజ్రా ఎర్హాత్ ఆ పేరుతోనే 1962లో పుస్తకం రాసింది. ఇవాళ అదే తీరంలో, అదే పేరుతో, ఏసీ గదులున్న గులెట్లు తిరుగుతున్నాయి. స్పాంజీల పడవ సంపన్నుల పడవ అయింది. కానీ పొద్దున ఒక మలుపులో ఈత, మధ్యాహ్నం ఇంకో మలుపులో భోజనం, రాత్రి అలల చప్పుడు వినే దూరంలో లంగరు అనే దినచర్య మాత్రం ఆ రచయితలు వేసిందే.

పడవలో ఎంతమంది ఎక్కవచ్చన్న దానికి ఒక కచ్చితమైన లెక్క ఉంది. సముద్రంలో ప్రాణరక్షణకు సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం పన్నెండు మందికి మించి ప్రయాణికులుంటే ఆ నావ ప్రయాణికుల ఓడ కిందికి వస్తుంది. దానికి నిర్మాణం, అగ్నిమాపకం, సిబ్బంది విషయంలో నియమాలు చాలా కఠినం. అందుకే ఎంత పొడవైన యాట్‌లోనైనా సాధారణంగా పన్నెండుగురే అతిథులు. గ్రీకు ఓడల వ్యాపారి ఒనాసిస్ పడవగా పేరుపొందిన క్రిస్టినా ఓ వంటి కొన్ని మాత్రం ప్రయాణికుల ఓడలుగా అనుమతి పొంది ముప్పై మందికి పైగా తీసుకెళ్లగలుగుతున్నాయి. తాతా బామ్మా, ముగ్గురు పిల్లలూ వాళ్ల జంటలూ, ఐదుగురు మనవలూ అంటేనే పదమూడు. అప్పుడు ఎవరిని వదలాలి? రెండు పడవలు తీసుకుంటే సగం కుటుంబం ఎప్పుడూ పక్క పడవలోనే ఉంటుంది. అదే ఒప్పందంలో ఒక చిన్న వెసులుబాటు ఉంది. ఏడాది నిండని బిడ్డను ప్రయాణికుల లెక్కలో చేర్చరు. పదమూడో మనిషి ఒళ్లో పాప అయితే అందరూ ఒకే పడవ ఎక్కవచ్చు. మరుసటి వేసవికి ఆ పాపకు ఏడాది దాటుతుంది. అప్పుడు మళ్లీ లెక్క వేసుకోవాలి.

ఎక్కడానికి కొన్ని వారాల ముందు ఏజెంటు ఒక ఫారం పంపుతాడు. ఎవరికి ఏ పదార్థం పడదు, ఎవరికి ఈత వచ్చు, ఎవరు ఏ మందులు వాడుతున్నారు, పొద్దున ఎవరికి కాఫీ ఎవరికి టీ, పిల్లలు ఎన్నింటికి పడుకుంటారు, మెట్లు ఎక్కలేనివాళ్లున్నారా, ఆ వారంలో ఎవరి పుట్టినరోజైనా ఉందా. ఉల్లీ వెల్లుల్లీ ముట్టని బామ్మ ఉంటే ఆ సంగతీ, ఏకాదశి నాడు ఉపవాసం ఉండే అమ్మమ్మ ఉంటే ఆ తిథీ రాయాలి. మధ్యధరా వంటవాడికి వెల్లుల్లి లేకుండా వండడం తేలిక కాదు, ముందు చెబితే మాత్రం సామాను చూసుకుని చేసి పెడతాడు. మనసు పెట్టి నింపితే ఆ కాగితం చాలా నేర్పుతుంది. నాన్నకు ఇప్పుడు బీపీ మాత్ర ఒకటా రెండా? అమ్మ రాత్రిళ్లు ఎన్నిసార్లు లేస్తోంది? ఏ మోకాలు నొప్పి? ఇంటిల్లిపాదికీ కోటి రూపాయల యాత్ర ఏర్పాటు చేయగల కొడుకు ఈ ప్రశ్నల దగ్గర ఆగిపోయి, చెల్లెలికి ఫోన్ చేయాల్సి వస్తుంది. ఇలాంటి ఫారం ఏ పడవా ఎక్కని ఇళ్లలో కూడా ఒకసారి నింపుకోవలసిందే.

ఏ పడవ తీసుకోవాలన్న దగ్గర చాలా కుటుంబాలు పొరబడతాయని మా అభిప్రాయం. నీళ్ల మీద దూసుకుపోయే జెట్ స్కీలు ఎన్ని, జారుడుబల్ల ఉందా, వేగమెంత అని చూసి ఎంచుకుంటారు. ఇవన్నీ పదిహేనేళ్లవాళ్ల కోసం. డెబ్భై అయిదేళ్ల మనిషికి కావలసినవి వేరు. అతిథుల గదులు ఎక్కువగా కింది డెక్‌లో ఉంటాయి, దిగే మెట్లు నిటారుగా ఉంటాయి. కొన్ని పడవల్లో పై డెక్‌లో మెట్లు దిగనక్కర్లేని పెద్ద గది ఒకటుంటుంది. దాన్ని అద్దె కట్టినవారో ఇంటి పెద్దకొడుకో తీసుకోవడం రివాజు. అది పెద్దవాళ్లకు ఇవ్వాలి. రెండు పొట్టల కాటమరాన్లు ఒకే పొట్ట ఉన్న తెరచాప పడవల కన్నా తక్కువగా ఒరుగుతాయి. ఈజియన్ సముద్రంలో జులై, ఆగస్టుల్లో మెల్తెమి అనే ఉత్తర గాలి రోజుల తరబడి గట్టిగా వీస్తుంది. కుర్రాళ్లకు అది హుషారు, వృద్ధులకు వాంతులు, భయం. పెద్దవాళ్లుంటే గోజెక్ అఖాతం, గ్రీసు పడమటి వైపున్న అయోనియన్ దీవులు మేలు. జూన్‌లోనో సెప్టెంబరులోనో వెళితే ఎండా తక్కువ, గాలీ తక్కువ, అద్దే తక్కువ. పడవ నడిచేది రోజుకు మూడు నాలుగు గంటలకు మించకూడదు. దగ్గర్లో ఆసుపత్రి ఉన్న ఊరు ఏదో ముందే తెలిసి ఉండాలి. ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషిని బట్టి పడవనూ దారినీ కాలాన్నీ నిర్ణయించుకుంటే మిగిలినవాళ్లకు పెద్దగా పోయేదేమీ లేదు.

సముద్రం ఎంత ఆహ్లాదంగా ఉన్నా సముద్రమే. 2024 ఆగస్టు 19 తెల్లవారకముందే సిసిలీలోని పోర్తిచెల్లో తీరంలో లంగరు వేసి ఉన్న బేజియన్ అనే 56 మీటర్ల తెరచాప యాట్ తుపాను గాలికి ఒరిగి మునిగిపోయింది. బ్రిటిష్ సాఫ్ట్‌వేర్ వ్యాపారి మైక్ లించ్ సుదీర్ఘమైన కోర్టు కేసు నుంచి బయటపడిన సంతోషంలో కుటుంబంతో, మిత్రులతో చేస్తున్న యాత్ర అది. పడవలో పన్నెండుగురు అతిథులు, పది మంది సిబ్బంది. ఏడుగురు చనిపోయారు. లించ్, ఆయన పద్దెనిమిదేళ్ల కూతురు వారిలో ఉన్నారు. భార్య బతికింది. ఒక తల్లి ఏడాది బిడ్డను నీళ్ల పైకి ఎత్తి పట్టుకుని కాపాడుకుంది. సిబ్బందిలో ప్రాణం పోయింది ఒక్కరికే, ఆంటిగ్వాకు చెందిన వంటవాడికి. అంత గాలికి ఆ పడవ తట్టుకోలేదన్న సంగతి పడవలో ఉంచిన పత్రాల్లో లేదని బ్రిటిష్ దర్యాప్తు సంస్థ 2025లో వెల్లడించింది. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు వెళుతున్న లాంచీ దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర ఉధృతంగా ఉన్న గోదావరిలో మునిగి 50 మంది దాకా మరణించిన రోజు తెలుగువాళ్లకు ఇంకా పచ్చిగానే ఉంది. అక్కడా కుటుంబాలకు కుటుంబాలే వెళ్లాయి. టికెట్టు కొన్నవారికీ, కోటి పెట్టి అద్దెకు తీసుకున్నవారికీ నది, సముద్రం తేడా చూపవు. ఎక్కిన రోజు లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో, ఎలా తొడగాలో కెప్టెన్ చూపించేటప్పుడు ఇంటిల్లిపాదీ నిలబడి వినాలి. తాతగారికీ తొడిగి చూడాలి.

సముద్రానికి మనం చేసే హాని గురించి కూడా ఒక మాట. మధ్యధరా అడుగున పోసిడోనియా అనే గడ్డి మైదానాలున్నాయి. చేపలు గుడ్లు పెట్టేదీ, నీరు తేటగా ఉండేదీ ఆ గడ్డి వల్లే. వేల ఏళ్ల వయసున్న మైదానాలున్నాయని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ గడ్డి చాలా నెమ్మదిగా పెరుగుతుంది. పెద్ద యాట్ లంగరు గొలుసు ఒక్కరాత్రి ఈడిస్తే చాలు, అక్కడ గడ్డి మళ్లీ రావడానికి దశాబ్దాలు పడుతుంది. 24 మీటర్లు దాటిన పడవలు తమ తీరంలో ఆ గడ్డి మీద లంగరు వేయకూడదని ఫ్రాన్సు నిషేధించింది. స్పెయిన్‌కు చెందిన బలియారిక్ దీవులు 2018లోనే దాని రక్షణకు ఉత్తర్వు జారీ చేశాయి. ఇసుక ఉన్న చోటే లంగరు వేయమని అతిథులు అడిగితే కెప్టెన్లు సంతోషంగా వింటారు. మనవలకు చూపించడానికి తెచ్చిన సముద్రం వాళ్ల మనవలకూ మిగలాలి కదా.

ఇక సిబ్బంది. పన్నెండుగురు అతిథులున్న పెద్ద యాట్‌లో దాదాపు అంతమందే పనివాళ్లుంటారు. కెప్టెన్, మేటు, ఇంజినీరు, వంటవాడు, గదులూ వడ్డనా చూసే అమ్మాయిలు, డెక్ మీద పనిచేసే కుర్రాళ్లు. గోదావరి లాంచీల మీద సరంగు, కళాసీలు చేసే పనులే ఇవి, ఇంకా ఎక్కువమంది మధ్య పంచుకుంటారు. బ్రిటన్, దక్షిణాఫ్రికా, ఫిలిప్పీన్స్, క్రొయేషియా, టర్కీ... ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అతిథులు లేవకముందే రాత్రి పడిన మంచునూ ఉప్పునూ గుడ్డలతో తుడిచేస్తారు. చివరి అతిథి పడుకున్నాకే వాళ్ల రోజు ముగుస్తుంది. తర్వాత ముక్కు భాగంలో, ఒకదాని మీద ఒకటి ఉన్న రెండు పడకల ఇరుకు గదిలోకి వెళతారు. అతిథులకు ఇలాంటి గది ఒకటుందనే తెలియదు. 2006లో కుదిరి 2013 నుంచి అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందం ప్రకారం నావికులకు ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, వారంలో కనీసం 77 గంటలు విశ్రాంతి ఉండాలి. ఆ పది గంటలను రెండు ముక్కలకు మించి చేయకూడదు, అందులో ఒకటి ఆరు గంటలకు తగ్గకూడదు. అతిథులు రాత్రి రెండింటి దాకా కూర్చుని, పిల్లలు ఆరింటికే ఈతకు దిగే పడవలో ఈ లెక్క కుదరడం ఎంత కష్టమో ఎవరైనా ఊహించవచ్చు.

వీళ్ల వేసవి మొత్తం ఇతరుల కుటుంబాలు కలుసుకోవడానికే సరిపోతుంది. బడి సెలవులు వచ్చేదీ, పండగలు పడేదీ, వాళ్ల సొంత పిల్లలు ఎదురుచూసేదీ ఆ నెలల్లోనే. ఇంకొకరి బామ్మకు పుట్టినరోజు కేకు తెచ్చి పాడే అమ్మాయి తన తల్లి పుట్టినరోజుకు ఫోన్లోనే మాట్లాడుతుంది. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి సరుకు ఓడల్లో నెలల తరబడి వెళ్లే కుర్రాళ్ల ఇళ్లకు ఈ ఎడబాటు బాగా తెలుసు. బోద్రుమ్ గులెట్లలో కొన్నిచోట్ల తండ్రి కెప్టెన్‌గా, కొడుకు చేతికింద మనిషిగా కలిసి పనిచేస్తుంటారు. అలాంటి అదృష్టం తక్కువమందికే. పూర్వం మన ఇళ్లలో కోడళ్ల చాకిరీని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అడిగేవాళ్లు లేక ఆ అన్యాయం తరాల తరబడి సాగింది. ఈ సిబ్బందికి జీతం ఉంది, చట్టం ఉంది, ఒప్పందం ఉంది. అంతవరకు కాలం మారింది. కానీ జీతం ఇచ్చామన్న ధీమాతో ఎదుటి మనిషి అలసటను చూడకపోతే, పాత వంటింటి తప్పునే డెక్ మీద మళ్లీ చేసినట్టవుతుంది.

తెలుగువాళ్లలోనూ ఇలాంటి యాత్రలు చేయగలిగిన కుటుంబాలు దేశంలోనూ విదేశాల్లోనూ ఉన్నాయి. వారికి మా మనవి ఇది. అమ్మానాన్నలు ఆ వంతెన మీద నడవగలిగిన వయసులోనే వెళ్లండి, వచ్చే ఏడు చూద్దాంలే అని వాయిదా వేయకండి. ఎక్కిన రోజే సిబ్బంది అందరి పేర్లూ అడిగి తెలుసుకుని, పిల్లల చేత ఆ పేర్లతోనే పిలిపించండి. రాత్రి ఫలానా వేళకు మేము లేచిపోతాం, మీరు పడుకోండి అని కెప్టెన్‌తో ముందే చెప్పండి. ఏడు రాత్రుల్లో కనీసం ఒక రాత్రి భోజనం ఒడ్డున ఏ చిన్న ఊరి హోటల్లోనో చేయండి. ఆ సాయంత్రం వంటవాడికీ, వడ్డించే అమ్మాయిలకూ సెలవు దొరుకుతుంది. తమ ఇంటివాళ్లతో తీరిగ్గా మాట్లాడుకోవడానికి వాళ్లకూ ఒక గంట కావాలి.